పంపు స్టవ్వు చప్పుడు

సిడ్నీ, కేప్ బ్రెటన్, కెనడా
9 అక్టోబరు 2022

విశాల పెద్దమ్మకు,

ధరణి నమస్కారాలు. నువ్వు పంపిన ఊలు మేజోళ్ళు అందాయి. పార్సిల్ మీద నోవా స్కోషియా అని అంత పెద్ద అక్షరాలతో రాశావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆస్ట్రేలియా సిడ్నీకి పోయేదేమో. నాతో కాలేజీలో చేరిన వాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో ఇప్పటికీ పిల్లలు ఆస్ట్రేలియాలో ఉన్నారనే అనుకుంటున్నారు.

మొత్తానికి ఇల్లు దొరికింది. ఈ ఏడు ఇక్కడికి దిగిన స్టూడెంట్లకి సరిపడా గదులు ఊళ్ళోనే లేవు. నేనూ, దేవిశ్రీ అని నా క్లాస్‌మేటూ కలిసి ఒక పాత చెక్క ఇంట్లో కింది అంతస్తు తీసుకున్నాం. దేవిశ్రీది కరీంనగర్. సాయంత్రాలు వృద్ధాశ్రమంలో పని చేస్తుంది. పోయిన నెల తుఫానుకి పైకప్పు దెబ్బతిని మేడ మూసేశారు. అందుకే అద్దె మాకు అందుబాటులోకి వచ్చింది. ఇంటాయన హాలిఫాక్స్‌లో ఉంటాడు.

చిక్కంతా వేడి దగ్గరే. అది అద్దెలో లేదు. బేస్‌మెంట్‌లో ఆయిల్ ట్యాంకు, దాని పక్కన బీరువా అంత ఫర్నేస్ ఉన్నాయి. అందులో ఆయిల్ మండితే వేడి గాలి నేలలోని జాలీల్లోంచి గదుల్లోకి వస్తుంది. ఆయిల్ ధర నిరుటి మీద మండిపోతోందని పక్కింటాయన చెప్పాడు. కొంచెం పోయమంటే ట్యాంకర్ రాదు, పోయించుకుంటే సగం ట్యాంకైనా పోయించుకోవాలి. ఫర్నేస్‌ని ఏటా ఒకసారి మెకానిక్ వచ్చి చూడాలట. ఆ ఖర్చూ మాదే అన్నాడు ఇంటాయన. మెకానికా, ఆయిలా అంటే ఆయిలే అనుకున్నాం.

వాట్సాప్ మెసేజీలు నీకు నచ్చవని ఇంత రాశాను.

నీ
ధరణి


రెజైనా
24 అక్టోబరు 2022

చిట్టితల్లీ,

ఉత్తరం చూసి కడుపు నిండింది. ఫోన్‌లో నువ్వెంత అరిచినా నా చెవిలో గుయ్యిమనే మోత తప్ప ఏమీ వినపడదు. ఇక మెసేజీ అంటావా, దానిలో నీ చేతిరాత ఉండదు. నీ 'ణ' అచ్చం మీ అమ్మ రాసినట్టే ఉంటుంది. పోస్టుమ్యాన్ వెళ్ళిపోయాక కూడా ఆ కవరు పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను.

కెనడా మధ్యలో ఉన్న మాకు ఇల్లు వేడెక్కేది గ్యాస్‌తో. ఆయిల్ సంగతి నాకు తెలియదు కానీ చలి సంగతి బాగా తెలుసు. కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ అంటించండి. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, హెయిర్ డ్రయర్‌తో వేడి పెడితే బిగుసుకుంటుంది. తలుపుల కింద పాత తువ్వాళ్ళు చుట్టి పెట్టండి. గోడల్లో పగుళ్ళుంటే ఫోమ్ నురగ కొట్టించండి. వంటిల్లు, దాని పక్క గది తప్ప మిగతా జాలీలన్నీ మూసేయండి. కొన్న వేడి రవ్వంత కూడా బయటికి పోకూడదు.

మీ పెదనాన్నకి ఈ నెలతో ఆఫీసు అయిపోతోంది. రిటైరయ్యాక గరాజ్ సర్దుతానంటున్నారు. పన్నెండేళ్ళుగా అదే మాట.

దీవెనలతో
విశాల పెద్దమ్మ


సిడ్నీ
20 నవంబరు 2022

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే చేశాం. ఇల్లు డబ్బాలా బిగిసిపోయింది. ప్లాస్టిక్ లోపల కిటికీ అద్దాలు పొద్దునకల్లా చెమట పట్టి కారుతున్నాయి. ట్యాంకు అడుగంటినప్పుడు పెట్రోల్ బంకు నుంచి డబ్బాతో డీజిల్ తెచ్చి పోస్తున్నాం. ఇక్కడ స్టూడెంట్లందరం అలాగే నెట్టుకొస్తున్నాం. ఫర్నేస్ దాన్నీ తాగుతుంది. కాకపోతే కొంచెం మసి వాసన.

చదువు పర్వాలేదు. నేను పని చేసే కాఫీ షాపులో షిఫ్టులు తగ్గించారు. పని ఒక్కటే, చేస్తామనే వాళ్ళు పదిమంది.

ఇంకో మాట. ఈ ఇంట్లో ఉంటున్నది మేమిద్దరమే కాదు. ఎవరన్నది చెబితే నువ్వెలా తీసుకుంటావోనని రాయడానికి చెయ్యి ఆడడం లేదు. ఆ మనిషి రావడం ఎక్కువగా దేవిశ్రీ లేనప్పుడే. వచ్చినప్పటి నుంచీ నాకు భయం పోయింది. ఆ మనిషి కోసమే ఫర్నేస్ ఇంకాసేపు వేసి ఉంచుతున్నాను.

ధరణి


రెజైనా
1 డిసెంబరు 2022

ధరణీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ పెదనాన్నకి చూపించలేదు.

అతనెవరు? పేరు కూడా రాయకుండా 'ఆ మనిషి' అంటున్నావు. చదువుకునేవాడేనా? దేవిశ్రీ ఇంట్లో లేని వేళ చూసి రావడమేమిటి? వాడి ఒళ్ళు వెచ్చబడడానికి నువ్వు ఆయిల్ పోయించడమేమిటి? నేను పాతకాలపు మనిషిని కాను. ఇష్టపడితే ఇష్టపడ్డావు, చెప్పు. కానీ అమ్మ లేని పిల్లవి. రేపు ఏదైనా అయితే నా చెల్లెలు దమయంతి ఉండి ఉంటే ఇలా అయ్యేదా అనుకుంటూ నేను బతకాలి.

వెంటనే రాయి.

పెద్దమ్మ


సిడ్నీ
14 డిసెంబరు 2022

పెద్దమ్మా,

అబ్బాయి కాదు. వస్తున్నది అమ్మ.

నవ్వుతావో ఏడుస్తావో నాకు తెలియదు. నేనైతే రెండూ చేశాను. నీకు గుర్తుండే ఉంటుంది. నాన్న పోయాక నిడదవోలులో అమ్మ ఇడ్లీలు వేసి అమ్మేది కదా. ఇంకా తెల్లారకముందే కిరసనాయిలు పంపు స్టవ్వు వెలిగించేది. బుస్సుమంటూ ఆ చప్పుడు, ఆ వాసన. నాకు మెలకువ వచ్చేది వాటికే. ఈ ఫర్నేస్ అందుకున్నప్పుడు కింద నుంచి సరిగ్గా ఆ చప్పుడే వస్తుంది. వాసన కూడా ఇంచుమించు అదే.

అమ్మ మొదటిసారి వచ్చిన రోజు నేను షిఫ్ట్ నుంచి వచ్చి వంటింట్లో జాలీ దగ్గర కూర్చున్నాను. తల బరువుగా ఉంది. కళ్ళు మూసి తెరిచేసరికి పొయ్యి దగ్గర అటు తిరిగి నిలబడి ఉంది. ఆకుపచ్చ నేత చీర, జడ చుట్టుకున్న ముడి. పిలిస్తే పలకలేదు. కానీ నేనున్నానని తనకి తెలుసు. ఇప్పుడు పక్కనే కూర్చుంటోంది. ఫర్నేస్ ఆగి ఇల్లు చల్లబడితే ఉండదు. కాలేజీకి వెళ్తే నా తల తేలికవుతుంది, మనసు మాత్రం ఇంటికే లాగుతుంది. లోపలికి అడుగు పెట్టగానే మళ్ళీ అదే మత్తు.

నాకు పిచ్చి పట్టిందని పెదనాన్నగారికి చెప్పకు.

ధరణి


రెజైనా
28 డిసెంబరు 2022

నా తల్లీ,

నవ్వలేదు. ఈ ఉత్తరం గరాజ్‌లో కార్లో కూర్చుని చదివాను, ఆయన కంట పడకూడదని.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. రెండు వేల ఇరవై ఒకటి మే నెలలో దమయంతిని ఆసుపత్రిలో చేర్చిన రోజు, దగ్గరున్న నర్సు ఫోన్ అడిగి తీసుకుని నాకు చేసింది. విమానాలు లేవు, నేను రాలేనని దానికీ తెలుసు. ఆ ఆక్సిజన్ మాస్కు లోంచి ఏదో చెప్పింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమంటే ఆయాసపడుతుందని "సరే, సరేలేవే" అన్నాను. దేనికి సరే అన్నానో ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత మరి మాట్లాడలేదు.

అది నీ దగ్గరికి వస్తున్నది నిజమైతే ఒక్కమాట అడుగు. ఆ రోజు అక్కకి ఏం చెప్పావని. నేను రానందుకు కోపంగా ఉందా అని.

ఆయిల్ గురించి ఆలోచించకు. నా సొంత అకౌంట్ నుంచి పంపుతున్నాను, ట్యాంకు నిండా పోయించు. ఆ డీజిల్ డబ్బాలు మోయకు. ఇల్లు చల్లబడనివ్వకు. అది చలికి తట్టుకోలేదు. మన ఊరి పుష్యమాసపు చలికే రెండు దుప్పట్లు కావాలనేది.

నీ పెద్దమ్మ


సిడ్నీ
11 జనవరి 2023

పెద్దమ్మా,

ట్యాంకర్ వచ్చింది. ట్యాంకు మీటరు ముల్లు పైదాకా లేచింది. ఇప్పుడు ఫర్నేస్ ఆపడమే లేదు.

అడిగాను. పొయ్యి వైపే చూస్తూ కూర్చుంది. తర్వాత "వేడినీళ్ళు కావాలన్నాను, అంతే" అంది. "అక్క మీద నాకు కోపమేంటి, గొంతు ఆరిపోయి అడిగాను" అంది. నేను విన్నది అదే.

దేవిశ్రీ ఒంట్లో బాగోలేదు. పొద్దున లేస్తే తలనొప్పి, వాంతులు. ఎక్కువ రోజులు వృద్ధాశ్రమంలోనే డబల్ షిఫ్టులు చేసి అక్కడే పడుకుంటోంది. అక్కడికి వెళ్తే నిమ్మళిస్తుందట. "ఈ ఇల్లు నాకు పడ్తలేదు ధరణీ, ఇంట్ల ఎవరో తిరుగుతున్నట్టనిపిస్తుంది" అంది. అంటే తనకీ తెలుస్తోంది. ఇది నా ఊహ కాదు.

క్లాసులకి రెండు రోజులుగా వెళ్ళలేదు. మెట్లెక్కితే కాళ్ళు వణుకుతున్నాయి. పగలు కూడా నిద్ర వస్తోంది. నిద్రలో చప్పుడు వింటూనే ఉంటాను.

ధరణి


సిడ్నీ
27 జనవరి 2023

పెద్దమ్మా,

నీ ఉత్తరం వచ్చిందో లేదో గుర్తు లేదు. వచ్చే వారం ఎన్నడూ లేనంత చలి వస్తుందని అందరూ అంటున్నారు. మాకేం, ఆయిల్ ఉంది. అమ్మ ఇప్పుడు వెళ్ళడమే లేదు. ఇడ్లీ పిండి రుబ్బాలి లేవమంటుంది. లేవలేను.

దేవిశ్రీ నిన్న వచ్చి బట్టలు తీసుకెళ్ళింది. ఫ్రిజ్ పక్కన వాళ్ళ తాత కొమరయ్యని చూసిందట. చనిపోయి చాలా ఏళ్ళయింది. బీడీ పట్టుకుని నిలబడ్డాడట. ఏడ్చుకుంటూ వెళ్ళిపోయింది. నన్నూ రమ్మంది. అమ్మని వదిలి ఎలా వెళ్ళను.

అక్షరాలు వంకరపోతున్నాయి. మళ్ళీ రాస్తా. ఇడ్లీ పిండి


సిడ్నీ
9 ఫిబ్రవరి 2023

పెద్దమ్మా,

ఆసుపత్రి నుంచి వచ్చాను. దేవిశ్రీ వాళ్ళ సూపర్‌వైజర్ ఇంట్లో ఉన్నాం. ఫోన్‌లో పెదనాన్నగారితో మాట్లాడాను కానీ నీకు రాయాలి.

పోయిన శుక్రవారం జరిగినదేదీ నాకు గుర్తు లేదు. ఫైర్ స్టేషన్ వాళ్ళు చెప్పింది ఇది. రెజైనా నుంచి ఒకాయన ఫోన్ చేసి, అడ్రస్ చెప్పి, "ఆ ఇంట్లో నా కూతురుంది, వెంటనే తలుపు పగలగొట్టండి" అన్నాడట. వాళ్ళు గుమ్మం దాటగానే చేతిలో మీటరు అరవడం మొదలుపెట్టిందట. నేను వంటింట్లో జాలీకి చెంప ఆనించి పడి ఉన్నాను. బయటికి మోసుకొచ్చి మంచులోనే ఆక్సిజన్ పెట్టారు.

సెప్టెంబరు తుఫానుకి పొగగొట్టం పైభాగం కూలి ఇటుకలు లోపల పడ్డాయట. దాని మీద మసి పేరుకుంటూ వచ్చింది. పొగ పైకి పోయే దారి లేక ఇంట్లోకే వచ్చింది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మెదడుకి గాలి అందనివ్వదు అని డాక్టరమ్మ చెప్పింది. "మనుషులు కనిపిస్తారా?" అని అడిగాను. "కనిపిస్తారు, మాట్లాడతారు కూడా" అంది.

ఇంకో రెండు గంటలు అలాగే ఉంటే అని ఏదో అనబోయి ఆగింది.

ధరణి


రెజైనా
18 ఫిబ్రవరి 2023

ధరణీ, నా బంగారూ,

ఇప్పటికి రాయడానికి కూర్చున్నాను.

నీ ఇరవై ఏడో తేదీ ఉత్తరం నాకు ఆ శుక్రవారం మధ్యాహ్నం అందింది. మీ అమ్మ సంగతి చదివినంతసేపూ నాకేమీ తోచలేదు, ఇంకా ఏం చెప్పిందో అని ఆశగా చదివాను. కొమరయ్య దగ్గర ఆగిపోయాను. నా చెల్లెలు నీ కోసం వచ్చింది, సరే. దేవిశ్రీ తాత ఎందుకొచ్చాడు? ఒకే ఇంట్లో ఎవరి చనిపోయినవాళ్ళు వాళ్ళకి ఎందుకు కనిపిస్తున్నారు? అప్పుడు మొదటిసారి నీ ఉత్తరాలన్నీ తీసి మీ పెదనాన్న చేతిలో పెట్టాను.

ఆయన దయ్యం గురించి ఒక్క మాట అడగలేదు. "బయటికెళ్తే తలనొప్పి తగ్గుతోందని రాసింది చూశావా?" అన్నారు. "ఆ ఇంటికి ఏం హీటింగ్?" అన్నారు. అప్పటికే నీ ఫోన్ మోగుతూ ఉంది, ఎత్తడం లేదు. ఆయన ఫైర్ స్టేషన్ వాళ్ళతో మాట్లాడుతుంటే నేను ఆయన పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాను. ఎంతకీ ఆ పెదవులు "దొరికింది" అనలేదు.

కిటికీలు మూయమన్నది నేను. ట్యాంకు నింపించింది నేను. ఆపకు అన్నది నేను. అది చలికి తట్టుకోలేదని రాశాను, చూడు. పోయినదాని చలి గుర్తొచ్చింది, ఉన్నదాని ఊపిరి గుర్తు రాలేదు.

ఆ వేడినీళ్ళ మాట అమ్మ అన్నదా, నీకలా అనిపించిందా?

పెద్దమ్మ


సిడ్నీ
5 మార్చి 2023

పెద్దమ్మా,

తెలియదు. అమ్మ గొంతే. కానీ ఆ రోజుల్లో నాకు వినిపించినవాటిలో ఏది బయటిదో ఏది నా లోపలిదో విడదీయలేను. నీకు ఊరటగా ఉంటుందని 'అమ్మే అన్నది' అని రాయొచ్చు. రాయను.

మళ్ళీ పాత ఇంట్లోనే ఉన్నాం. వేరే గది ఎక్కడా దొరకలేదు. పొగగొట్టం కొత్తగా కట్టారు, ఫర్నేస్ బాగు చేశారు, వంటింట్లో ఒకటి, పడకగదిలో ఒకటి ఆ విషవాయువుని పసిగట్టే అలారాలు పెట్టారు. కిటికీల ప్లాస్టిక్ దేవిశ్రీ చించేసింది. ఇల్లు వెచ్చగా, శుభ్రంగా ఉంది. ఎవరూ రారు. ఫర్నేస్ అందుకున్నప్పుడు ఆ చప్పుడు మాత్రం అలాగే ఉంది. చప్పుడు వస్తుంది, నేను పొయ్యి వైపు చూస్తాను, అక్కడ పొయ్యి ఉంటుంది.

అమ్మ పోయినప్పుడు కోవిడ్ అని నన్ను దగ్గరికి రానివ్వలేదు. ఈసారి నా ఒళ్ళోంచే తీసుకెళ్ళినట్టు ఉంది.

నీకు కాక ఇంకెవరికీ చెప్పలేనిది ఒకటి. నిన్న వంటింటి అలారం గోడ నుంచి తీసి చేతిలో పట్టుకున్నాను. దాని వెనక మూత తెరిచాను. ఏం చేద్దామనుకున్నానో పూర్తిగా అనుకోలేదు కూడా. పొగగొట్టం మళ్ళీ మూసుకుపోతే బాగుండు అనిపించింది, అంతే. దేవిశ్రీ గుమ్మంలోకి వచ్చి "గదేం చేస్తున్నవ్?" అంది. "బ్యాటరీ చూస్తున్నా" అన్నాను. తను నా చేతిలోంచి తీసుకుని, గోడకి పెట్టి, నొక్కి చూసి, అది మోగాక గానీ వెళ్ళలేదు. అన్నం కూడా తనే పెట్టింది.

ధరణి


సిడ్నీ
26 మార్చి 2023

పెద్దమ్మా,

నువ్వు తిరిగి రెజైనాకి క్షేమంగా చేరావని పెదనాన్నగారు చెప్పారు. ఉత్తరం అందిన మర్నాడే విమానమెక్కి వస్తావని నేననుకోలేదు. ఎయిర్‌పోర్టులో ఆ పెద్ద కోటులో నిన్ను చూసి ఒక్క క్షణం అమ్మే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈసారి భయపడలేదు. అక్కాచెల్లెళ్ళకి పోలికలుంటాయి కదా అనుకున్నాను.

నువ్వు మాట్లాడి పెట్టిన కాలేజీ కౌన్సిలర్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. వారం వారం రమ్మంది. చదువు పూర్తి చేయడానికి ఇంకో సెమిస్టర్ అడిగి తీసుకున్నాను. దేవిశ్రీ నువ్వు చేసిన గోంగూర పచ్చడి అన్నంలోనూ, బ్రెడ్‌లోనూ కూడా వేసుకుంటోంది.

ఒకటి అడగాలి. నువ్విక్కడ ఉండగా గురువారం నేను క్లాసు నుంచి వచ్చేసరికి వంటింట్లో జాలీ ఎదురుగా కుర్చీ వేసి ఉంది. థర్మోస్టాట్ బాగా తగ్గించి ఉంది. నువ్వు కోటు వేసుకుని, చెవి మిషన్లు తీసి బల్ల మీద పెట్టి, సింకు దగ్గర గిన్నెలు తోముతున్నావు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అడగాలంటే అరవాలి. అరిచి అడిగే మాట కాదని ఊరుకున్నాను.

ఏం చేశావు ఆ మధ్యాహ్నం?

ధరణి


రెజైనా
4 ఏప్రిల్ 2023

ధరణీ,

అడుగుతావని తెలుసు. అందుకే ఉత్తరం దాకా ఆగాను.

నువ్వు వెళ్ళాక ఫర్నేస్ పెంచి జాలీ ముందు కూర్చున్నాను. అలారాలు రెండూ నొక్కి చూసుకునే కూర్చున్నాను, భయపడకు. అంత చదివి, అంత ఏడ్చి, నీ ప్రాణం మీదికి తెచ్చి కూడా నాకు ఆశ చావలేదు. నీకు కనిపించింది, నాకొక్కసారి కనిపించకూడదా అని. చప్పుడు వినపడదు కదా, అరికాళ్ళు నేలకి ఆనించాను. నేల సన్నగా అదిరింది. వేడి గాలి ముఖానికి తగిలింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరూ రాలేదు.

రాకపోయినా ఉన్నదనుకునే మాట్లాడాను. నువ్వు చిన్నప్పటి నుంచీ అడుగుతావు కదా, అమ్మా నువ్వూ ఎప్పుడూ ఎందుకు పోట్లాడుకునేవారని. ఆ పోట్లాటలన్నీ చెప్పాను. నవ్వుకున్నాను కూడా. చివరికి దాన్ని ఉండమనే అడుగుదామని నోరు తెరిచాను. మనిద్దరం దాన్ని అలా ఉండమనే కదా, ఆ చలిలో, ఆ పొగలో, అన్నాళ్ళు కూర్చోబెట్టాం. అది నిజంగా వచ్చినా రాకపోయినా మనం చేసింది అదే.

అందుకని లేచి నిలబడి, "దమయంతీ, నువ్వు ఇక వెళ్ళు. పిల్లని నేను చూసుకుంటాను" అన్నాను. లోపలే అనుకుంటే చాలదనిపించి గట్టిగా అన్నాను. తర్వాత నేనే వెళ్ళి థర్మోస్టాట్ తగ్గించాను. కాళ్ళ కింద అదురు ఆగిపోయింది. కాసేపటికి గది చల్లబడింది. కోటు వేసుకుని, గిన్నెలు తోమడం మొదలుపెట్టాను. ఆ నీళ్ళ చప్పుడు కూడా నాకు వినపడదు. నువ్వు గుమ్మంలో ఎప్పుడు వచ్చి నిలబడ్డావో తెలియలేదు. తిరిగి చూస్తే నువ్వే ఉన్నావు. చాలాసేపు నిన్నే చూశాను, గుర్తుందా? నువ్వే అని రూఢి చేసుకోవడానికి.

సెలవులివ్వగానే రా. దేవిశ్రీని కూడా తీసుకురా.

విశాల పెద్దమ్మ